1967 కార్వెట్ కన్వర్టిబుల్: ఫైబర్‌గ్లాస్ కింద తుప్పు

షెవ్రొలెట్ ఆ ఏడాది 22,940 కార్వెట్ స్పోర్ట్స్ కార్లు చేస్తే 14,436 కన్వర్టిబుళ్లే. అంటే టాప్ మడిచి తెరిచే రకం అరుదేం కాదు. ధర పెంచేది ఇంజన్. మూడు హోలీ కార్బ్యురేటర్లున్న 427 క్యూబిక్ అంగుళాల, 435 హార్స్‌పవర్ ఇంజన్‌ది దొరికితే కలెక్టర్లు ఎగబడతారు. అందుకే నకిలీలూ ఎక్కువే, కొనేముందు చూసుకోవాలి. ఇంజన్ బ్లాకుపై, కుడి సిలిండర్ హెడ్ ముందు చదునైన చోట కొట్టిన అంకెలు కారు ఛాసిస్ నంబరుతో కలవాలి. అక్కడ ఫ్యాక్టరీ మెషీన్ వదిలిన సన్నని గీతలు లేకుండా నున్నగా ఉంటే, అరగదీసి మళ్లీ కొట్టారేమోనని అనుమానించాల్సిందే.

బాడీ ఫైబర్‌గ్లాస్, తుప్పు పట్టదని మురిసిపోవద్దు. లోపలి ఉక్కు చట్రానికి తుప్పు పడుతుంది. విండ్‌షీల్డ్ స్తంభాల అడుగున, వెనక చక్రాల ముందు ఫ్రేమ్ పైకి వంగే చోట టార్చ్ వేసి చూడాలి. పెయింట్ తళతళలు తర్వాత.

నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులే. కారు షెడ్డులో కదలకుండా ఉంటే కాలిపర్ (బ్రేక్ డిస్క్‌ను నొక్కిపట్టే భాగం) లోపలి గోడ తుప్పెక్కి, సీళ్లు గాలి పీల్చి పెడల్ మెత్తబడుతుంది. లోపల స్టెయిన్‌లెస్ స్టీల్ స్లీవ్‌లు (తొడుగు గొట్టాలు) వేసిన కాలిపర్లే దీనికి మందు. ఒరిజినల్ కాదని ఎవరైనా ముక్కు విరిస్తే విరవనీండి.