గుండెల్లో మంటకు కారం మానాలా, భోజనం టైమ్ మార్చాలా?

గుంటూరులో గుండెల్లో మంట అనగానే నింద కారం మీద పడుతుంది. నాన్నకు పుల్లటి త్రేన్పులు మొదలవగానే అమ్మ గోంగూర పచ్చడి జాడీని అటకెక్కించింది. రెండు నెలలు చప్పిడి కూరలు తిన్నా, అర్ధరాత్రి గొంతులోకి పుల్లనీళ్లు ఎగదన్ని ఆయన లేచి కూర్చోవడం తప్పలేదు.

ఇది చాలా ఇళ్లలో ఉన్న బాధే. ఇండియన్ సొసైటీ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ బృందం 2011లో ప్రచురించిన సర్వేలో 7.6 శాతం మందికి ఈ లక్షణాలున్నాయి.

కారం అందరికీ మంట పుట్టించదు. ఎవరికి ఏది తింటే మంట వస్తుందో గమనించుకుని అదొక్కటి తగ్గిస్తే చాలు. నాన్న విషయంలో అసలు చిక్కు టైమ్‌లో ఉంది. తొమ్మిదిన్నరకు షాపు కట్టేసి, పదింటికి కడుపు నిండా తిని, పదిన్నరకల్లా నడుం వాల్చేవారు. ఆహారనాళం చివర మూతలా పనిచేసే కండరం ఉంటుంది. అది వదులైనప్పుడు, నిండు పొట్టతో పడుకుంటే ఆమ్లం పైకి వచ్చేస్తుంది. అందుకే తిన్నాక పడుకోవడానికి కనీసం రెండు మూడు గంటలు ఆగమంటారు. ఇప్పుడు ఏడున్నరకల్లా క్యారేజీ షాపుకే వెళ్తోంది. మూడు వారాల్లో రాత్రుళ్లు లేవడం బాగా తగ్గింది. జాడీ కూడా కిందికి దిగింది, కాకపోతే మధ్యాహ్నం అన్నంలోకే.

తలకింద రెండు దిండ్లు పెడితే చాలనుకున్నాం. దానివల్ల నడుం దగ్గర ఒళ్లు మడతపడి పొట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఆరేడు అంగుళాలు ఎత్తడమే మేలు. జారకుండా వాటికి పాత గోనెసంచి చుట్టాం. ఎడమవైపు తిరిగి పడుకున్నా సుఖంగా ఉంటుంది. పొట్ట, సిగరెట్ తగ్గించుకుంటే ఇంకా మంచిది.

నీళ్లలో పొంగే పొడి వెంటనే హాయినిస్తుంది, కానీ ఎంతోసేపు నిలవదు. అందులో సోడియం ఎక్కువ, బీపీ ఉన్నవాళ్లు రోజూ తాగకూడదు. పొట్టలో ఆమ్లాన్ని తగ్గించే పాంటోప్రజోల్ గోళీ బాగా పనిచేస్తుంది, టిఫిన్‌కు అరగంట ముందు వేసుకుంటేనే. డాక్టర్‌ని అడగకుండా నెలల తరబడి మింగొద్దు.

ముద్ద దిగకపోయినా, ఒళ్లు తగ్గిపోతున్నా, మలం నల్లగా వచ్చినా ఇంటి చిట్కాలతో కూర్చోకండి. ఛాతీలో నొప్పి చేతికి పాకి చెమటలు పడితే గ్యాసే అనుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.