ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్: కుక్కకు మోషన్స్ పట్టిన రాత్రి ఎంతవరకు ఆదుకుంటుంది?

నల్లగొండలోనైనా పాలమూరులోనైనా మెడికల్ షాపులో అడగంగనే ఇచ్చే లీటరు ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్ గురించే ఈ రివ్యూ. మనుషుల కోసం చేసిందే. కానీ రాత్రి కుక్కకు మోషన్స్ మొదలైతే, పొద్దున పశువుల దవాఖాన తెరిచేదాకా నెట్టుకురావడానికి బాగా అక్కరకొస్తుంది. మోషన్స్ ఆపుతుందని కొంటే మాత్రం నిరాశే. ఒంట్లోంచి పోయిన నీళ్లు, లవణాలు తిరిగి పెట్టడం వరకే దాని పని.

ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) ఫార్ములా అని ఉండాలి. లీటరుకు సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. కిటుకంతా ఈ పాళ్లలోనే ఉంది. పేగు గ్లూకోజ్‌ను పీల్చుకుంటూ సోడియంను వెంట లాక్కుంటుంది, వాటి వెనకే నీరు పోతుంది. చక్కెర ఎక్కువైతే నీరు ఎదురు పేగులోకే వచ్చి మోషన్స్ పెరుగుతాయి. అట్టపెట్టెల్లోని తియ్యటి డ్రింకులు అందుకే వద్దు. వాటి మీద ఓఆర్‌ఎస్ అన్న మాటే వాడొద్దని 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్పింది. జైలిటాల్ అనే తీపి పదార్థం కలిసినది ఏదైనా కుక్కకు విషమే.

చిన్న కుక్కే కదా అని చిటికెడు పొడి గిన్నెలో అందాజగా కలుపుతారు, చెడేది అక్కడే. ప్యాకెట్ మొత్తం లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాల్సిందే. 24 గంటలు దాటితే పారబోయాలి. మిగిలిందంతా వృథా. 200 మిల్లీలీటర్ల చిన్న సాచెట్లు దొరికితే అవే నయం. నారింజ వాసనది చాలా కుక్కలు ముట్టవు, వాసన లేనిది అడగండి.

పది కిలోల కుక్కకు పావుగంటకోసారి రెండు టీ చెంచాలు, అంటే 10 మిల్లీలీటర్లు. గంటసేపు కక్కకుంటే రెట్టింపు చేయొచ్చు. గిన్నె నిండా పెడితే గటగటా తాగి అంతా కక్కేస్తుంది. తాగనంటే సిరంజితో గొంతులోకి కొట్టొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గుండె, కిడ్నీ జబ్బున్న కుక్కకు డాక్టరును అడగకుండా పట్టొద్దు.

తిండి సంగతి: పెద్ద కుక్కకు 12 గంటలు కడుపు ఖాళీగా ఉంచొచ్చు, కుక్కపిల్లలకు వద్దు. తర్వాత మెత్తగా ఉడికిన అన్నం రెండు పాళ్లు, తోలు, బొక్కలు తీసి ఉడకబెట్టిన కోడి మాంసం ఒక వంతు. ఉప్పు, కారం, ఉల్లిగడ్డ, ఎల్లిపాయ ఏవీ పడొద్దు. పాలు అసలే వద్దు. ఇంట్లో ఉన్న మోషన్స్ గోళీ, పారాసిటమాల్ జోలికి పోవద్దు.

ఈ ప్యాకెట్‌తో కాలం గడపకూడని సందర్భాలూ ఉన్నాయి. టీకాలు పడని కుక్కపిల్లకు నెత్తురు విరేచనాలైతే పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బు కావచ్చు. కడుపు ఉబ్బి, ఓకరిస్తున్నా ఏమీ రాకపోతే పొట్ట మెలి తిరిగి ఉండొచ్చు. పత్తి చేనులో మందు కొట్టిన రోజు చొంగ కారుతూ వణికితే పురుగుమందు, ఆ డబ్బా కూడా పట్టుకెళ్లాలి. మామిడి టెంక మింగినా, చిగుళ్లు తెల్లబడినా, జ్వరం 103.5 ఫారెన్‌హీట్ దాటినా అర్ధరాత్రయినా సరే బయల్దేరాల్సిందే. వెళ్లేటప్పుడు శుభ్రమైన చిన్న డబ్బాలో చెంచాడు తాజా మలం, ఎన్నిసార్లు కక్కిందో, చివరగా నట్టల మందు ఎప్పుడేశారో రాసిన చీటీ ఉంటే డాక్టరుకు సగం పని తగ్గుతుంది.