పిల్లల వెన్నెముక ఎమ్మారై సేవ: నివేదిక బాగుంది, అందించిన తీరు మారాలి

వెన్ను పక్కకు వంగుతున్న మా తొమ్మిదేళ్ల అమ్మాయికి, ఎముకల డాక్టరుగారి సలహా మేరకు, ఈ స్కానింగ్ కేంద్రంలో ఎమ్మారై చేయించాము. పదేళ్లలోపే స్కోలియోసిస్, అంటే వెన్ను ఇలా పక్కకు వంగడం, కనిపిస్తే వెన్నుపాములో నీటితిత్తి వంటి లోపం ఉందేమో చూస్తారు. అటువంటిదేమీ లేదు గాని, వెన్నుపాము కొస నుండి కిందికి దిగే ఫైలం టెర్మినేల్ అనే సన్నని పోగులో లైపోమా, అంటే కొవ్వు గడ్డ, అనుకోకుండా బయటపడింది.

కొవ్వు తెల్లగా కనిపించే టీ1 అనే రకం ఎమ్మారై చిత్రంలో మెరిసిన గీత, కొవ్వు సంకేతాన్ని అణచి తీసిన చిత్రంలో నల్లబడడమే అది కొవ్వేననడానికి ఆధారమని, వెన్నుపాము కొస నడుము మొదటి, రెండవ పూసల వద్ద, ఉండవలసిన చోటే ఉందని, కాళ్లలో బలహీనతగాని మూత్రంపై పట్టు తప్పడంగాని లేనందున ఇప్పుడు ఆపరేషన్ ఆలోచన అక్కర లేదని రేడియాలజిస్టుగారు చిత్రాలు చూపిస్తూ ఓపికగా వివరించారు. ఆ లక్షణాలు మొదలైతే న్యూరోసర్జన్‌ను కలవాలని నివేదికలోనూ రాశారు. ఇంత స్పష్టత తల్లిదండ్రులకు ఎంతో ఊరట.

అయితే ఈ వివరణకు ముందే కౌంటరులో కవరు చేతికిచ్చారు; అందులో ‘ట్యూమర్’ అన్న మాట చదివి నా భార్య అక్కడే కూలబడిపోయింది. పిల్లల నివేదికలను డాక్టరే స్వయంగా అందించాలి. ఫిల్ములతో పాటు సీడీ అడిగి తీసుకోండి. తర్వాతి స్కాన్‌తో పోల్చడానికి అది ఉపయోగపడుతుంది.