అంగ్‌కోర్‌లో మాకు దొరికిన మంచి బండి, మంచి మనిషి

అంగ్‌కోర్ గుళ్లు చూడ్డానికి కంబోడియాలోని సీయెం రీప్‌లో దిగిన మర్నాడే ఒక పొరపాటు చేశాం. హోటల్ కౌంటర్లో అమ్మిన సూర్యోదయం ప్యాకేజీ తీసుకున్నాం. తెల్లవారుజామున నాలుగున్నరకి వ్యాన్ ఎక్కించి, అంగ్‌కోర్ వాట్ ముందున్న కొలను గట్టున కొన్ని వందల మంది మధ్య నిలబెట్టారు. ఫోటోలయ్యాక లోపలికెళ్తే, పడమటి మండపంలో కురుక్షేత్రం గోడ మీద అంపశయ్యపై ఉన్న భీష్ముణ్ణి అమ్మ తనంతట తానే గుర్తుపట్టింది. కళ్లలో నీళ్లు పెట్టుకుని నిలబడిపోయింది. సరిగ్గా అప్పుడే మా గ్రూపు మనిషి టైమైపోయిందని పిలిచాడు. అమ్మని అక్కణ్ణించి లాక్కొచ్చినట్టే తీసుకొచ్చాను. ఆ బాధ సాయంత్రం దాకా పోలేదు.

ఆ సాయంత్రమే వీధి చివర ఒక టుక్‌టుక్ డ్రైవరుతో మాట్లాడి నాలుగు రోజులకి కుదుర్చుకున్నాం. మోటార్‌సైకిల్ వెనక నలుగురు కూర్చునే బండి తగిలిస్తారు, అక్కడివాళ్లు దాన్ని రెమోర్క్ అంటారు. దగ్గరి గుళ్లకి రోజుకి 20 డాలర్లు, దూరం వెళ్లిన రోజు 30 ఇచ్చాం. బేరం ఆడలేదు, ఆడాలనిపించలేదు. ఆయన్ని మేం 'బోంగ్' అన్నాం. ఖ్మేర్ భాషలో అన్ననైనా, అక్కనైనా అలాగే పిలుస్తారు. అమ్మని ఆయన 'మాక్' అనేవాడు. ఆ మాట అమ్మకి ఎవరూ అర్థం చెప్పనక్కర్లేకపోయింది.

ఒకటి ముందే తెలిసుండాలి. గుడి లోపల వివరించే హక్కు లైసెన్సున్న గైడ్లకే ఉంది. డ్రైవరు గుమ్మం దాకానే వస్తాడు. అయినా మా యాత్రని నడిపించింది ఆయనే. ఏ గుడికి ఏ గంటకి వెళ్లాలో, ఏ గుమ్మంలోంచి వెళ్లి ఎటు బయటికి రావాలో ఆయనకి కొట్టినపిండి. తా ప్రోమ్‌కి తలుపులు తెరిచే ఏడున్నరకే తీసుకెళ్లి ఒక గుమ్మం దగ్గర దింపి, రెండో వైపు బండి పెట్టుకుని ఎదురుచూశాడు. వెనక్కి నడిచే పని తప్పింది. మోకాళ్ల నొప్పులున్న అమ్మకి అదెంత మేలో చెప్పలేను. తా కేవ్, ప్రే రూప్ మెట్లు నిటారుగా ఉంటాయి, మాక్‌కి వద్దని ఆయనే చెప్పాడు. బదులుగా నేల మీదే నడిచి చూడగలిగే ప్రియా ఖాన్‌కి తీసుకెళ్లాడు.

తా ప్రోమ్‌లో గోడల్ని కావలించుకున్న చెట్ల వేర్ల ఫోటోలు అందరూ చూసినవే. ఖ్మేర్ రాజు జయవర్మ VII 1186లో కట్టించిన ఆ గుడిని నిలబెట్టే పనిలో మన భారత పురావస్తు శాఖ కూడా ఉందని అక్కడి బోర్డు మీద చదివినప్పుడు గర్వంగా అనిపించింది.

నా మనసు మాత్రం బాంటే స్రెయ్ దగ్గరే ఉండిపోయింది. మిగతా గుళ్లకి పాతిక కిలోమీటర్ల పైన దూరం. చాలా ప్యాకేజీల్లో ఉండదు, ఉన్నా మధ్యాహ్నపు ఎండలో తీసుకెళ్తారు. మేం ఎనిమిదింటికల్లా అక్కడున్నాం. 967 నాటి గుడి. కట్టించింది రాజు కాదు, యజ్ఞవరాహుడనే పండితుడు. గులాబీ రంగు ఇసుకరాయిని చెక్కలా చెక్కారు. ఆవరణలో 'గ్రంథాలయం' అని పిలిచే చిన్న కట్టడం ముఖం మీద కైలాసాన్ని కదిలిస్తున్న రావణుడున్నాడు. కొండ మెట్లుమెట్లుగా ఉంది, కింద జంతువులు పరుగు తీస్తున్నాయి, పైన పార్వతి భయంతో శివుణ్ణి పట్టుకుంది. ఇంకోచోట ఖాండవ దహనం. ఇంద్రుడు కురిపించే వానని గీతలు గీతలుగా చెక్కి, దాని కింద కృష్ణార్జునుల బాణాల పందిరి వేశారు. అరచెయ్యంత రాయిలో వాన కనిపిస్తోంది! అమ్మ అరగంట కదల్లేదు. ఈసారి ఎవరూ పిలవలేదు.

తిరుగుదారిలో ప్రియా డాక్ అనే ఊరి దగ్గర బోంగ్ బండి ఆపాడు. రోడ్డు పక్కన పెద్ద మూకుడులో తాటినీరా కాగుతోంది. ఒకావిడ తెడ్డుతో తిప్పుతూ, ముదురు పాకం అయ్యాక చిన్న తాటాకు చుట్టల్లో పోస్తోంది. ఆ వాసనకే అమ్మ "మన తాటిబెల్లం" అనేసింది. తాటాకులో చుట్టిన పొట్లం రెండు డాలర్లు.

నాలుగో రోజు పొద్దున మళ్లీ అంగ్‌కోర్ వాట్‌కి వెళ్లాం, ఈసారి తూర్పు వైపు నుంచి. అడవి దారి, జనం లేరు. సగం రోజుకి లైసెన్సున్న గైడుని పెట్టుకున్నాం, ఆ డబ్బు నిజంగా దక్కింది. ఇక్కడి శిల్పాలని అప్రదక్షిణంగా చూసుకుంటూ వెళ్లాలనీ, గుడి పడమటి ముఖంగా ఉండడంతో కలిపి కొందరు దీన్ని కట్టించిన రాజు సూర్యవర్మ II అంత్యక్రియలతో ముడిపెడతారనీ ఆయన చెబితేనే తెలిసింది. క్షీరసాగర మథనం గోడ 49 మీటర్లు, ఒకవైపు 92 మంది అసురులు, మరోవైపు 88 మంది దేవతలు. అది చూశాక భీష్ముడి దగ్గరికి వెళ్లి అమ్మ తృప్తిగా కూర్చుంది.

గుళ్లు చూసే పాస్ విషయం: ఒక రోజుకి 37 డాలర్లు, మూడు రోజులకి 62, ఏడు రోజులకి 72. ఏడు రోజులదే తీసుకోండి. నెలలోపు ఏ రోజైనా వాడుకోవచ్చు, మధ్యలో విశ్రాంతి దొరుకుతుంది. పెద్దవాళ్లతో వెళ్తే అది చాలా అవసరం.

బస కోసం పబ్ స్ట్రీట్ దగ్గర వద్దు, రాత్రి రెండింటి దాకా పాటలే. రెండో రోజే నది అవతల వాట్ బో వైపు ఒక చిన్న గెస్ట్‌హౌస్‌కి మారాం. శుభ్రంగా, ప్రశాంతంగా ఉంది. శాకాహారులు ఒక మాట గుర్తుపెట్టుకోవాలి: కూరగాయల వేపుడులో కూడా చేపల సాస్ పడుతుంది. అడిగి మరీ చెప్పించుకోవాలి. అమ్మకి రెండు పూటలా భారతీయ హోటలే దిక్కయింది. నలిగిన, చిరిగిన డాలర్ నోట్లు ఎవరూ తీసుకోరు, కొత్తవి పట్టుకెళ్లండి.

2023లో వచ్చిన కొత్త విమానాశ్రయం ఊరికి చాలా దూరం, టుక్‌టుక్‌లో వెళ్లడం కష్టం. బోంగ్ తెలిసినవాళ్ల కారు మాట్లాడి, తను కూడా ముందు సీట్లో కూర్చుని వచ్చాడు. బెంగ్ మెలియా, కో కెర్ గుళ్లు ఇంకా చూడలేదు. వచ్చే జనవరిలో వస్తామని బోంగ్‌కి మొన్ననే టెలిగ్రామ్‌లో పెట్టాను. మాక్ కూడా వస్తోందా అని అడిగాడు.