ఫోన్‌ని టీవీకి కలిపే టైప్-సీ హబ్: పెట్టిన డబ్బుకు పని చేస్తుందా?

రాజమండ్రి, కాకినాడ, భీమవరం, అమలాపురం, ఏ ఊళ్లోనైనా మొబైల్ సామాన్ల షాపుకు వెళ్లి "ఫోన్‌లోది టీవీలో కనపడాలండి" అని అడిగితే మూడు రకాల సరుకు బల్ల మీద పెడతారు. ఒక కొసన టైప్-సీ పిన్ను, ఇంకో కొసన హెచ్‌డీఎంఐ పోర్టు ఉన్న చిన్న అడాప్టర్ మొదటిది. దానికే ఛార్జింగ్ పోర్టు, రెండు మూడు యూఎస్‌బీ పోర్టులు కలిపిన హబ్ రెండోది. టీవీకి గుచ్చి వైఫైతో నడిపే డాంగిల్ మూడోది. ఈ సమీక్ష హబ్ గురించి. మిగతా రెండూ పోలిక కోసమే వస్తాయి.

తీర్పు ముందే చెప్పేస్తాం. మీ ఫోన్ పోర్టులోంచి వీడియో బయటికి వచ్చే ఏర్పాటు ఉంటే, ఛార్జింగ్ పోర్టు ఉన్న హబ్ కొనండి. ఆ ఏర్పాటు లేకపోతే హబ్, చిన్న అడాప్టర్ రెండూ కొనకండి. డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఇక్కడే. "ఆయ్, టైప్-సీ అయితే అన్ని ఫోన్లకీ వచ్చేస్తదండి" అని కౌంటర్ మీద చెప్పే మాట నిజం కాదు. టైప్-సీ అనేది పిన్ను ఆకారం మాత్రమే. లోపలి తీగల్లో వీడియో నడవాలంటే ఫోన్ తయారీదారు డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ అనే ఏర్పాటు ఇచ్చి ఉండాలి. పదిహేను, ఇరవై వేల లోపు ఫోన్లలో అది సాధారణంగా ఉండదు. వాటి పోర్టు యూఎస్‌బీ 2.0, అంటే ఛార్జింగ్‌కు, ఫైళ్లు పంపడానికి సరిపోయేది.

ఉన్నవి ఏవంటే, శాంసంగ్‌లో 2017 నాటి గెలాక్సీ ఎస్8 నుంచి ఎస్ సిరీస్, ఫోల్డ్ ఫోన్లు, ట్యాబ్ ఎస్ సిరీస్‌లో పై స్థాయివి. వీటిలో డెక్స్, అంటే ఫోన్‌ను టీవీ మీద కంప్యూటర్‌లా వాడే ఏర్పాటు కూడా వస్తుంది. అదే కంపెనీ ఏ సిరీస్‌లో ఇది దాదాపు లేదు. ఐఫోన్లలో 2023లో వచ్చిన 15 నుంచి టైప్-సీ పోర్టు, దానితోపాటే వీడియో. ఐఫోన్ 15 పోర్టు వేగం యూఎస్‌బీ 2 స్థాయిదే అయినా వీడియో 4కే వరకు వస్తుంది, కాబట్టి "యూఎస్‌బీ 2 అయితే వీడియో రాదు" అన్న లెక్క ఆండ్రాయిడ్ ఫోన్లకే పెట్టుకోండి. గూగుల్ పిక్సెల్‌లో 8 నుంచి ఉంది, అదీ 2024 జూన్‌లో వచ్చిన అప్‌డేట్ తర్వాత. వన్‌ప్లస్‌లో 7 ప్రో నుంచి పై స్థాయి మోడళ్లకు, మోటరోలా ఎడ్జ్ సిరీస్‌లో కొన్నింటికి ఉంది. మీ ఫోన్ ఈ వరసలో లేకపోతే కంపెనీ వెబ్‌సైట్‌లో మోడల్ పేజీ తెరిచి యూఎస్‌బీ అన్న చోట చూడండి. 3.1 లేదా 3.2, పక్కన డిస్‌ప్లేపోర్ట్ అన్న మాట ఉండాలి. ఇంకా తేలిక దారి, ఫోన్ పట్టుకెళ్లి షాపులో ఉన్న టీవీకే తగిలించి చూడటం. బొమ్మ రాకపోతే కొనొద్దు. "ఇంట్లో టీవీకి వస్తదండి" అన్నా వినకండి, పోర్టులో లేనిది టీవీ మారితే రాదు.

ఇప్పుడు హబ్ దగ్గరికి వద్దాం. చిన్న అడాప్టర్‌కూ దీనికీ అసలు తేడా ఛార్జింగ్ పోర్టే. అడాప్టర్ పెడితే ఫోన్‌కున్న ఒకే ఒక్క పోర్టు నిండిపోతుంది. ఫోన్ తన బ్యాటరీతోనే తెర నడపాలి, అడాప్టర్‌లోని చిప్‌కూ కరెంటు ఇవ్వాలి. రెండున్నర గంటల సినిమాకు లేదా ఒక పూట పనికి బ్యాటరీ ఎంత దిగుతుందో చూస్తే చాలు, అడాప్టర్ మీద మిగిలే రెండు మూడు వందలు ఎందుకు వద్దో తెలుస్తుంది. హబ్‌లో పీడీ (పవర్ డెలివరీ, అన్ని కంపెనీలకూ ఉమ్మడిగా ఉన్న ఛార్జింగ్ పద్ధతి) అని రాసి ఉన్న టైప్-సీ పోర్టుకు ఛార్జర్ పెడితే ఫోన్ ఎక్కుతూనే ఉంటుంది.

ఇక్కడో మెలిక ఉంది. పెట్టె మీద 100 వాట్లు అని ఉన్నా ఫోన్ తనకు కావలసినంతే తీసుకుంటుంది, ఫోన్‌కైతే 30 వాట్ల ఛార్జర్ చాలు. కానీ అది పీడీ ఛార్జర్ కావాలి, రెండు కొసలా టైప్-సీ ఉన్న కేబుల్ కావాలి. ఫోన్‌తోపాటు వచ్చే 67, 80 వాట్ల ఛార్జర్లు చాలావరకు ఆ కంపెనీ సొంత పద్ధతిలో నడుస్తాయి. వాటిని హబ్ గుండా పెడితే ఆ వేగం రాదు, కొన్ని హబ్‌లలో అసలు ఎక్కదు. హబ్ పాడైందని తిరిగిచ్చే ముందు ఛార్జర్ మార్చి చూడండి.

కరెంటు సంగతి మన జిల్లాల్లో విడిగా చెప్పాలి. ఛార్జర్‌కు కరెంటు పోగానే హబ్, ఫోన్ మళ్లీ ఒకదానితో ఒకటి ఒప్పందం కుదుర్చుకుంటాయి, ఆ రెండు మూడు సెకన్లు తెర నల్లబడుతుంది. వచ్చాక ఇంకోసారి. సినిమాకైతే సరదా చెడుతుంది, అంతే. పెన్‌డ్రైవ్‌లోకి ఫైలు ఎక్కుతున్నప్పుడైతే ఫైలు చెడిపోవచ్చు. కాబట్టి హబ్‌కు వెళ్లే ఛార్జర్‌ను ఇన్వర్టర్ లైన్ మీద ఉన్న ప్లగ్గులోనే పెట్టండి. ఆఫీసు పనికి వాడేవారైతే టీవీనీ మానిటర్‌నీ కూడా అదే లైన్ మీదకు తెచ్చుకోవాలి.

హబ్‌ను ముట్టుకుంటే వేళ్లకు జిల్లుమంటోందా? పాత ఇళ్లలో, చెరువు గట్ల మీది షెడ్లలో ఎర్తింగ్ సరిగా లేని చోట ఇది మామూలే. రెండు పిన్నుల ప్లగ్గుతో నడిచే టీవీల నుంచి కొద్దిపాటి లీకేజీ హెచ్‌డీఎంఐ కేబుల్ గుండా హబ్ లోహపు ఒంటికి వస్తుంది. మామూలుగా అది మనిషిని పెద్దగా ఏమీ చేయకపోయినా, నడుస్తుండగా కేబుల్ పీకి పెడితే ఫోన్ పోర్టును, టీవీ పోర్టును దెబ్బ తీయగలదు. టీవీ ప్లగ్గుకు మూడు పిన్నులుంటే ఎర్త్ ఉన్న సాకెట్‌లోనే పెట్టండి, రెండు పిన్నుల ప్లగ్గుకు సాకెట్ మార్చినా ఎర్త్ అందదు. తగిలించే వరస కూడా పాటించండి: టీవీ ఆపి ఉండగానే హెచ్‌డీఎంఐ కేబుల్‌ను టీవీకీ హబ్‌కూ పెట్టాలి, తర్వాత హబ్‌కు ఛార్జర్, అన్నిటికన్నా ఆఖర్న ఫోన్. ఉరుములు మెరుపులు వచ్చేలా ఉంటే ముందే ఫోన్ తీసేయండి.

బొమ్మ నాణ్యత విషయంలో పెట్టె మీద మాట పూర్తిగా నమ్మొద్దు. 4కే అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, పక్కన చిన్నగా 30 హెర్ట్జ్ అని ఉంటుంది, అంటే తెర మీద బొమ్మ సెకనుకు 30 సార్లే మారుతుంది. టైప్-సీ పోర్టులో వేగంగా సమాచారం నడిచే దారులు నాలుగు. వాటిని నాలుగు తూముల కాలువ అనుకోండి. హబ్‌లో యూఎస్‌బీ 3 పోర్టులు ఉంటే రెండు తూములు వాటికి పోతాయి, వీడియోకు రెండే మిగులుతాయి. పాత డిస్‌ప్లేపోర్ట్ 1.2 లెక్కలో ఆ రెండింటి గుండా నికరంగా సెకనుకు 8.64 గిగాబిట్ల సమాచారం నడుస్తుంది. 4కే 60 హెర్ట్జ్‌కు పన్నెండు పైచిలుకు కావాలి. అందుకే 30 దగ్గర ఆగిపోతుంది. డిస్‌ప్లేపోర్ట్ 1.4 అయితే అవే రెండు దారుల్లో 12.96 గిగాబిట్లు నడుస్తాయి, 60 హెర్ట్జ్ వస్తుంది. అది హబ్‌లోనూ ఉండాలి, ఫోన్‌లోనూ ఉండాలి. యూఎస్‌బీ 2 పోర్టులే ఉన్న హబ్‌లు నాలుగు దారులూ వీడియోకే ఇవ్వగలవు. కీబోర్డు, మౌస్ మాత్రమే పెట్టుకునేవారికి ఆ రకమే మేలు.

30 హెర్ట్జ్‌తో సినిమా బాగానే కనిపిస్తుంది, ఎందుకంటే సినిమా తీసేదే సెకనుకు 24 ఫ్రేములు. ఎక్సెల్ షీటు మీద మౌస్ కదిపితే మాత్రం బాణం గుర్తు చేతి వెనక ఈడ్చుకుంటూ వస్తున్నట్టు ఉంటుంది, గంట పని చేస్తే కళ్లు లాగుతాయి. పనికి వాడేటప్పుడు 1080పి, 60 హెర్ట్జ్ మేలు. ఫోన్ వేడి కూడా తగ్గుతుంది. 60 వచ్చే హబ్ పెట్టినా టీవీలో 30కే ఆగితే టీవీ సెట్టింగ్స్‌లో ఆ హెచ్‌డీఎంఐ పోర్టుకు ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్, యూహెచ్‌డీ కలర్ లాంటి పేరుతో ఉన్న ఆప్షన్ ఆన్ చేయాలి. తెర అంచుల్లో అక్షరాలు తెగిపోతుంటే బొమ్మ సైజు దగ్గర స్క్రీన్ ఫిట్ లేదా జస్ట్ స్కాన్ ఎంచుకోండి. ఫోన్ లోపం కాదది, టీవీ బొమ్మను కాస్త సాగదీసి చూపే పాత అలవాటు.

హబ్ విలువ నిజంగా తెలిసేది శాంసంగ్ డెక్స్‌తో. పెట్టగానే టీవీ మీద కంప్యూటర్ లాంటి తెర వస్తుంది, కిటికీలు పక్కపక్కన తెరుచుకోవచ్చు, ఫోన్ గ్లాసే టచ్‌ప్యాడ్ అవుతుంది. ఫోన్ తెర యథాతథంగా వస్తే నోటిఫికేషన్ ప్యానెల్‌లో డెక్స్ నొక్కాలి. మోటరోలాలో ఇలాంటిదే అయిన స్మార్ట్ కనెక్ట్ తనే పైకి వస్తుంది. ఐఫోన్‌లో ఫోన్ తెర ప్రతిబింబమే వస్తుంది, వీడియో యాప్‌లు మాత్రం తెర నిండా చూపిస్తాయి. ట్యూషన్ చెప్పేవారికి, రొయ్యల మేత లెక్కలు, అమ్మకం బిల్లులు షీట్లలో రాసుకునేవారికి డెక్స్ ఉన్న పాత ఎస్ సిరీస్ ఫోన్, ఒక హబ్, ఇంట్లో ఉన్న టీవీ కలిపితే చిన్న ల్యాప్‌టాప్ అవసరం తీరిపోతుంది. ఇది అతిశయోక్తి కాదు. తెలుగు టైపింగ్ కూడా కీబోర్డు భాష సెట్టింగ్స్‌లో చేర్చుకుంటే వస్తుంది.

వైర్‌లెస్ మౌస్ ఆగి ఆగి నడుస్తుంటే మౌస్‌ను తప్పు పట్టకండి. యూఎస్‌బీ 3 పోర్టు పనిచేస్తున్నప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ పరిధిలో రొద వెదజల్లుతుంది, మౌస్ రిసీవర్ పనిచేసేదీ అక్కడే. పెన్‌డ్రైవ్ పక్కనే రిసీవర్ ఉంటే ఇబ్బంది ఎక్కువ. రిసీవర్‌ను యూఎస్‌బీ 2 పోర్టుకు మార్చండి, లేదా జానెడు ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దూరం పెట్టండి.

సినిమాలకు సంబంధించి అడిగే ప్రశ్న ఒక్కటే: మాటలు వినిపిస్తున్నాయి, బొమ్మ నల్లగా ఉంది, ఎందుకు? అది సినిమాను కాపీ చేయకుండా పెట్టిన హెచ్‌డీసీపీ అనే రక్షణ. ఫోన్ నుంచి టీవీ దాకా గొలుసులో ప్రతి వస్తువూ దాన్ని ఒప్పుకోవాలి. మధ్యలో హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే ముక్క ఉంటే తెగిపోతుంది, చౌక స్ప్లిటర్లు కూడా తెంచుతాయి. కాలేజీల్లో, ఫంక్షన్ హాళ్లలో పాత ప్రొజెక్టర్లకు వీజీఏ వాడేవారు ఇది గుర్తుంచుకోవాలి. పాఠాలు, ఫొటోలు, సొంత వీడియోలు బాగానే వస్తాయి, ఓటీటీ రాదు. వీజీఏలో ధ్వని కూడా నడవదు, 3.5 మిల్లీమీటర్ల జాక్ ఉన్న కన్వర్టర్ తీసుకుని స్పీకర్లకు విడిగా తీగ వేయాలి. నెట్‌ఫ్లిక్స్ మొబైల్ ప్లాన్ ఫోన్, ట్యాబ్ తెరలకే ఉద్దేశించింది, 480పి వరకే ఇస్తుంది కనుక పెద్ద తెర మీద బొమ్మ రాకపోయినా, మసకగా ఉన్నా హబ్‌ను అనొద్దు.

పెళ్లిళ్లకు, సంక్రాంతి బరుల దగ్గర పెట్టే పెద్ద ఎల్‌ఈడీ తెరలకు దూరం సమస్య. మామూలు రాగి హెచ్‌డీఎంఐ కేబుల్‌తో 1080పి పది మీటర్ల వరకు నమ్మొచ్చు, 4కే 60కి అంత దూరం కష్టం. అంతకు మించితే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుల్ కావాలి. దానికి దిశ ఉంటుంది, సోర్స్ అని రాసిన కొస హబ్ వైపు రావాలి. అది తన కరెంటును హబ్ నుంచే తీసుకుంటుంది కాబట్టి ఛార్జర్ లేని చిన్న అడాప్టర్‌తో బొమ్మ రాకపోవచ్చు. ఇక్కడ కూడా హబ్‌దే పైచేయి.

డాంగిల్స్ మీద ఒక్క మాట. యూట్యూబ్‌లో క్యాస్ట్ గుర్తు నొక్కితే వీడియోను టీవీయే నేరుగా ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది, ఫోన్ మీద భారం ఉండదు. సినిమాకు అది చాలా బాగుంటుంది, మీ టీవీలోనే క్యాస్ట్ ఉంటే డాంగిల్ కూడా అక్కర్లేదు. ఫోన్ తెరను అద్దంలా చూపే మిరాకాస్ట్ వేరు, ప్రతి కదలికనూ ఫోన్ కుదించి వైఫైలో పంపాలి. అపార్ట్‌మెంట్లలో చుట్టూ పది రౌటర్లుంటే తెర వెనకబడుతుంది. టైపింగ్‌కు పనికిరాదు.

వీడియో లేని ఫోన్‌తోనే తప్పనిసరిగా పని కావాలంటే బొమ్మను మామూలు యూఎస్‌బీ సమాచారంగా మార్చి పంపే డిస్‌ప్లేలింక్ చిప్ ఉన్న అడాప్టర్ ఒక దారి. ఆండ్రాయిడ్‌లో డిస్‌ప్లేలింక్ ప్రెజెంటర్ యాప్ వేసుకోవాలి. ధర మామూలు అడాప్టర్‌కు కొన్ని రెట్లు, ఓటీటీ బొమ్మ రాదు, స్లైడ్లకు సరిపోతుంది. పాత మైక్రో యూఎస్‌బీ ఫోన్లను టీవీకి కలిపిన ఎంహెచ్ఎల్ కేబుళ్లకు టైప్-సీ పిన్ను తగిలించి అమ్ముతుంటారు, అవి మాత్రం ముట్టుకోవద్దు. అలాగే టైప్-సీ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే కేబుల్ ఒకే దిశలో నడుస్తుంది. సెట్‌టాప్ బాక్స్ హెచ్‌డీఎంఐని టైప్-సీ మానిటర్‌కు దానితో కలపలేరు.

హబ్ మన్నిక గురించి. లోహపు ఒళ్లు వేడెక్కడం సహజం, ఎండాకాలం ఇంకా ఎక్కువ. టీవీ వెనక గోడకు నొక్కి పెట్టకుండా గాలి తగిలేలా ఉంచండి, ఫోన్ కవర్ తీసేయండి. మందపాటి కవర్ వల్ల పిన్ను పూర్తిగా దిగక బొమ్మ వచ్చి పోతుండటం చాలా ఫోన్లలో జరిగేదే. నరసాపురం, అంతర్వేది, ఉప్పాడ వైపు ఉప్పుగాలికి పిన్నులు త్వరగా నల్లబడతాయి, వాడనప్పుడు హబ్‌ను మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పెట్టుకోవాలి. ఫోన్‌లో తేమ ఉందన్న హెచ్చరిక వస్తే నోటితో ఊదకండి, ఫ్యాన్ కింద ఆరనివ్వండి. పోర్టులో పేరుకున్న నూలును ఫోన్ ఆపి, చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీయాలి, గుండుసూది పెట్టకూడదు. హబ్‌కు తీగ అంటుకునే చోట మొదట తెగుతుంది. కొనేటప్పుడు అక్కడ రబ్బరు తొడుగు ఉందో లేదో చూసి, ఆ తీగను కాస్త వంచి బొమ్మ నిలకడగా ఉందో కౌంటర్ దగ్గరే పరీక్షించండి, బిల్లు మీద మార్పిడి గడువు రాయించుకోండి.