కొత్తగా డ్యూటీలో చేరిన నర్సులకి పిన్ వాచ్

బీఎస్సీ నర్సింగ్ అయ్యాక అమలాపురంలో వార్డు డ్యూటీలో చేరేముందు కాకినాడ మెయిన్ రోడ్డులో ఒక యూనిఫాం కొట్లో ఈ పిన్ వాచ్ తీసుకున్నాను. జేబు మీద తలకిందులుగా వేలాడుతుంది, తల వంచి చూస్తే అంకెలు మనకి నిటారుగానే కనిపిస్తాయి. చేతికి వాచీ ఉంటే మణికట్టు దాకా సబ్బుతో కడగడం కుదరదు కదా, అందుకే ఇది.

అసలు ఉపయోగం సెలైన్ దగ్గర. 500 ఎం.ఎల్. 8 గంటల్లో ఎక్కాలంటే, 20 చుక్కలకి ఒక ఎం.ఎల్. వచ్చే సెట్‌తో (సెలైన్ ఎక్కించే గొట్టం) నిమిషానికి దాదాపు 21 చుక్కలు పడాలి. కాలేజీలో ఈ లెక్క నోటికొచ్చేది గానీ, పక్కన పేషెంటు కొడుకు "సిస్టర్ గారూ, అమ్మకి ఇంకా అవ్వలేదేంటండీ" అని అడుగుతూ ఉంటే చుక్కలు లెక్కపెట్టడం వేరే సంగతి. సెకన్ల ముల్లు ఎర్రగా, పెద్దగా ఉంది కాబట్టి ఆ టెన్షన్‌లో కూడా లెక్క తప్పదు. ఊపిరి కూడా పేషెంటుకి తెలియకుండా పూర్తి నిమిషం లెక్కపెట్టొచ్చు, ఇది నాకు చాలా నచ్చింది.

సిలికాన్ తొడుగు స్పిరిట్‌తో తుడిస్తే చాలు. పిన్ను మాత్రం బలహీనం, ఒక పెద్దావిడని పక్కకి తిప్పుతుంటే ఊడిపోయింది, కొట్టాయన మారుమాట లేకుండా మార్చి ఇచ్చారు. చీకట్లో అంకెలు మెరవవు, నైట్ డ్యూటీకి చిన్న టార్చి ఉండాల్సిందే. ఇంటర్న్‌షిప్‌లో ఉన్న చెల్లెళ్ళూ, డిజిటల్‌ది వద్దు, ముల్లున్నదే కొనుక్కోండి.