నాలుగు వేసవుల గడ్డి ఫెడోరా: ముందున్న నొక్కుతోనే నాకు పేచీ

నాలుగేళ్ల క్రితం కొన్న ఈ గడ్డి ఫెడోరా టోపీని మా ఇంట్లో నేనూ, మావారూ వంతులవారీగా వాడుతున్నాం. ఆయన తల చుట్టుకొలత 58 సెంటీమీటర్లు, నాది 56 కావడంతో, నా వంతు వచ్చినప్పుడు లోపలి చెమట పట్టీ వెనక మడతపెట్టిన కాగితం దోపుకుంటాను. మా ఆడపడుచు మొదట్లో "వదినా, అది అన్నయ్య టోపీ కదా" అనేది. నిజానికి ఫెడోరా అన్న పేరే ఒక స్త్రీది. 1882లో పారిస్‌లో ఫ్రెంచ్ నటి సారా బెర్నార్డ్ పోషించిన నాటక నాయిక పేరు. టోపీ ముందుగా ఆడవాళ్ల తలలకెక్కి, మగవాళ్లలో బాగా వ్యాపించింది 1920లలో.

నా బాధంతా టోపీ ముందున్న ఆ రెండు నొక్కుల గురించే. అందం వాటిదే, కానీ చెయ్యి తెలియకుండా అక్కడికే వెళుతుంది. రెండో వేసవిలో, చాలా రోజులు కారు వెనక అద్దం దగ్గర ఎండలో పడి ఉన్న ఈ టోపీతో గోల్కొండ బాలా హిస్సార్ దాకా ఎక్కాను. పైన గాలి ఒక్కసారిగా లేపబోతే నొక్కు దగ్గర పట్టుకున్నాను. "చిట్" మన్నది. తేమ ఇంకిపోయిన నార సరిగ్గా మడత మీదే విరిగి, అంగుళం పొడవున చీలిక కనిపించింది.

ఇంటికి వచ్చి ఇడ్లీ పాత్ర ఆవిరికి జానెడు ఎత్తున పట్టుకుని, నార మెత్తబడ్డాక లోపలినుంచి బొటనవేళ్లతో సర్ది, పల్చని నూలుగుడ్డ ముక్కను జిగురుతో అంటించాను. చీలిక మాయం కాలేదు గానీ, ఇప్పటివరకు పాకలేదు. అప్పటినుంచి అంచు పట్టుకునే తీస్తున్నాం. ఎండాకాలంలో అప్పుడప్పుడు తడిగుడ్డతో లోపల తుడుస్తున్నాను.

తల చల్లగా ఉంటుందని మొదటి ఏడాది అందరికీ చెప్పాను. నీడ మాట నిజమే, గాలీ ఆడుతుంది. కానీ మే నెల మధ్యాహ్నం చెమట పట్టీ కింద నుదురు తడిసి ముద్దవుతుందని అప్పుడు చెప్పలేదు.

బస్సు దిగి ఇరవై నిమిషాలు నడిచే నాకు ఇది అవసరమే కనుక మళ్లీ ఫెడోరాయే కొంటాను, అయితే నొక్కు లోతు తక్కువగా ఉన్నది వెతుక్కుంటాను. బైకు మీద తిరిగేవారికి మాత్రం హెల్మెట్ తీసిన తర్వాతే దీని పని. అంతవరకు నలగకుండా దాన్ని పెట్టుకునే చోటు బండి మీద దొరకదు.